అరచేతిలో అంకె

మధ్యాహ్నం పన్నెండుకి నిద్రపోవాలంటే
కిటికీకి పాత దుప్పటి కట్టాలి,
చిరుగు కనపడే చోట క్యాలెండరు అట్ట.
కాలింగ్ బెల్లు తీగ పీకేసి
తలుపు మీద చాక్‌పీసుతో రాశాను:
నైట్ డ్యూటీ. తట్టొద్దు.

కొర్లగుంటలో పగలు ఊరుకుంటుందా.
టమేటాల ఆటో మైకు పెట్టుకుని వస్తుంది.
కింద పోర్షన్లో రెడ్డెమ్మత్త మిక్సీ వేస్తుంది.
ఆమె కుక్కర్ విజిళ్ళు నేను లెక్కపెడుతున్నానని
మూడోదానికి తెలుస్తుంది.
లేచి కూర్చుంటాను.

నా నిద్ర కూడా డీఏ బకాయి లాంటిదే.
వస్తుందంటారు.
ఎప్పుడని అడిగితే మాట మారుస్తారు.

సాయంత్రం ప్రణతి రెండో తరగతి నోటుబుక్కు తెచ్చి
ఒళ్ళో పెట్టింది.
"మా అమ్మ నర్సు. మా అమ్మ పగలు నిద్రపోతుంది."
టీచరు 'పగలు' కొట్టేసి
పైన ఎర్రగా 'రాత్రి' అని దిద్దింది.
కింద తల్లిదండ్రుల సంతకానికి ఖాళీ.
బస్సు టైమైంది, రేపు పెడతాలే అన్నాను.

పెద్దాసుపత్రిలో మగవాళ్ళ మెడికల్ వార్డు.
ముప్పై రెండు మంచాలు, నలభై నాలుగు ఒళ్ళు,
ఇద్దరం.
మునిలక్ష్మి టీ పోసుకుని, స్టూలు మీద కాలు పెట్టి,
పిక్కల మీద లేచిన నరాలకి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటోంది.
కిటికీలోంచి ఘాట్ రోడ్డు దీపాలు.
"ఆయనకీ మన రోస్టరే అక్కా,
అర్ధరాత్రి దాటాక పవళింపు, మూడింటికి లేపుడు.
ఆయనదీ నిలబడే ఉద్యోగమే!"
అని నవ్వింది.
"కాకపోతే ఆయన్ని పాట పాడి లేపుతారు."
పదకొండో మంచంవాళ్ళు అప్పుడే కేకేశారు,
సెలైన్ అయిపోయిందని.

నాలుగు గంటలప్పుడు ఒళ్ళు నాది కాదు.
కడుపులో మంట, కాళ్ళలో ఇసుక,
వేళ్ళు మాత్రం చల్లగా.
పోయిన నెల ఇదే వేళకి
పొటాషియం ఆంపూల్ చేతిలో పట్టుకుని
ఎవరిదో మరిచిపోయి నిలబడ్డాను.
ఎంతసేపో తెలీదు.
కేస్ షీటు మూడుసార్లు చదివాను.
ఏమీ కాలేదు.
ఏమీ కాలేదని ఎవరికీ చెప్పలేదు.
నెలసరి రెండు నెలలు రాదు, వస్తే పది రోజులు పోదు.
అదీ చెప్పలేదు.

పంతొమ్మిదో మంచం తాత పలమనేరాయన.
బీపీ చూసి పట్టీ విప్పుతూ విప్పుతూ
ఎందుకో నా చేతికి చుట్టుకున్నాను.
ఒంటిచేత్తో బల్బు నొక్కి
గుండె చప్పుడు ఎక్కడ మొదలై
ఎక్కడ ఆగిందో విన్నాను.
నూట యాభై ఎనిమిది బై నూరు.
నాకు మంచం నంబరు లేదు, షీటు లేదు.
అరచేతిలో రాసుకున్నాను.

మంచం కింద చాప మీద ముసలమ్మ
మేలుకునే ఉంది.
"ఎంతుంది మ్మా?"
రోజుకి వందసార్లు వినే ప్రశ్న.
వందసార్లు చెప్పే జవాబే నోటికొచ్చింది:
"కొంచెం ఎక్కువుంది, భయం లేదు."
"ఆయనది కాదు, నీది."

నేను మాట్లాడలేదు.
ఆమె కాసేపు పైకి చూసి,
"ఉప్పు తగ్గించు తల్లీ. రాత్రిపూట పండుకో"
అని అటు తిరిగింది.
రెండిట్లో ఒకటి నా చేతిలో ఉంది.

ఎనిమిదింటికి రిపోర్టు అప్పజెప్పి
సబ్బుతో రుద్దినా అంకె సగమే పోయింది.
లీలామహల్ సర్కిల్ దగ్గర
ఎర్రలైటుకి ఆగానా, నిద్రకి ఆగానా,
వెనక బస్సు హారను కొడితేగానీ
పచ్చలైటు కనపడలేదు.

ఇంటికొస్తే ప్రణతి జడ రిబ్బన్లకి కూర్చుని ఉంది.
ఒక జడ వేశాక సంతకం గుర్తొచ్చింది.
రాత్రి డ్యూటీ వాళ్ళు ఎర్రసిరాతోనే రిపోర్టు రాయాలి,
ఆ పెన్ను కోటు జేబులోనే ఉంది.
'రాత్రి' కొట్టేశాను.
'పగలు' అని మళ్ళీ రాసి
దాని పక్కన సంతకం పెట్టాను.

"టీచరు తిడుతుందేమోమ్మా,"
"తిట్టనీలే."

రెండో జడ వేస్తూ వేస్తూ
ఎక్కడ ఆపానో తెలీదు.
లేచేసరికి పది.
పాప ఒక జడతోనే బడికి వెళ్ళిపోయింది.
రెండో రిబ్బను నా వేళ్ళకే చుట్టుకుని ఉంది.